ఆటపెట్టెకు ఏ ఆట? ఏ కార్డు?



ఈ నెల ఈ పేజీలో బడులు తెరిచే వేళ పుస్తకాల ఖర్చు గురించి వ్రాద్దామనుకున్నాము. అయితే ఈ మధ్య మా నౌపడ దగ్గర ఒక కుటుంబములో జరిగిన సంగతి మమ్మును విడువకుండా ఉన్నది గనుక దానినే మీ ముందు పెట్టుచున్నాము. ఇది చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేము గూర్చిన సంగతి. "అయ్యగారికి ఈ గోలెందుకు?" అని పెద్దవారు అనుకోవద్దు. మాకు వేదాంత విద్యలో డిప్లొమా ఉన్నదే గాని కంప్యూటరులో లేదు. అందుకే ముందు మేమే మోసపోయాము. ఆ తరువాతనే నేర్చుకున్నాము.

ఆ ఇంటి తాతగారు వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటలలో బ్రతుకంతా గడిపినవారు. కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానములో ఇది ఎన్ని ఇండ్ల కథో మీకు మేము చెప్పనక్కరలేదు. కారణమేమిటో ఇప్పటికీ ఇదమిత్థముగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రోగుల కొరకు పెద్ద ఆసుపత్రి తెరిచిన తరువాత దూరప్రయాణాలు కొంత తగ్గాయి గాని, వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు ఆ యంత్రము ప్రక్కన పడుకోవడం మాత్రం తగ్గలేదు. మంగళ, గురువారాలు కోడలు వెంట వెళ్లును. శనివారం వంతు మనుమడిది. అతడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

ఆ అబ్బాయి చిన్నాన్న గల్ఫులో వెల్డింగు పని చేస్తాడు. పోయిన సెలవుకు వచ్చినప్పుడు, తనతో పనిచేసే మరొకరి దగ్గర కొన్న పాత ఆటపెట్టెను అన్న కొడుకు కొరకు తెచ్చాడు. నింటెండో అనే జపాను కంపెనీది, పేరు స్విచ్ లైట్, 2019లో వచ్చిన రకము. బరువు 275 గ్రాములు. టీవీకి తగిలించే పని లేదు, చేతిలోనే ఆడుకోవాలి. ఆటను బట్టి ఒకసారి ఛార్జి చేస్తే మూడు నుండి ఏడు గంటలు నడుచును. లోపల ఉన్న నిల్వ స్థలము 32 జీబీ. అందులో కొంత ఆ యంత్రపు సొంత పనికే పోవును.

అబ్బాయి మా ఇంటికి వచ్చి రెండు ప్రశ్నలు అడిగాడు. "అయ్యగారూ, శనివారం నాలుగు గంటలు తాతకి తోడు కూర్చున్నప్పుడు ఆడడానికి ఏ ఆటలు పెట్టుకుంటే మంచిది? చోటు చాలకపోతే ఏ కార్డు కొనుక్కోవాలి?" ఇంత మర్యాదగా అడిగిన పిల్లవానికి "ఆటలు మానేసి చదువుకో" అని చెప్పి పంపించడం మాకు న్యాయమనిపించలేదు. నాలుగు గంటలు ఆసుపత్రి గోడను చూస్తూ కూర్చోమని పదహారేళ్ల పిల్లవానికి చెప్పగలమా?

మా చిన్నతనములో, 1990ల చివరలో, తీర్థాలలో బూడిదరంగు ఆటపెట్టె అమ్మేవారు. దానిమీద "9999 ఆటలు" అని రాసి ఉండేది. రెండు పెన్సిలు సెల్లులు వేస్తే పైనుండి ఇటుకలు జారేవి. వాటిని వరుసగా పేర్చాలి. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది అని మురిసిపోయాము గాని, లెక్కపెడితే నిజముగా వేరువేరు ఆటలు పది పన్నెండు కంటే లేవు. తక్కినవన్నీ అదే ఆట వేగము మార్చి, మెట్టు మార్చి పెట్టినవి. ఆ ఇటుకల ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారుచేశాడనీ, 1989లో వచ్చిన గేమ్ బాయ్ అనే ఆటపెట్టెతో అది లోకమంతా ప్రాకిందనీ మాకు చాలాకాలము తరువాత తెలిసింది. ఆ రోజున మేము నేర్చుకొని మరల మరచిపోయిన పాఠమేమిటంటే, పెట్టెమీద రాసిన అంకె వేరు, లోపల ఉన్న సరుకు వేరు. ఈ పాఠము మరల మా మీదికి ఎలా వచ్చిందో కొంచెము ఆగి చెప్పెదము.

ముందు ఆటల సంగతి. అబ్బాయి దగ్గర ఉన్న పట్టిక పొడుగైనది. దానిని మేమిద్దరము ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చున్నట్లు ఊహించుకొని చూశాము. ఆడుతూ ఉండగా నర్సు పిలిస్తే అక్కడికక్కడే ఆపి లేవగలగాలి. ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి. శబ్దము లేకుండా కూడా అర్థము కావాలి, ఎందుకంటే ప్రక్క మంచాలలోనూ రోగులున్నారు. చివరిది, తాతగారు కూడా చూడగలిగినది, వీలైతే ఆడగలిగినది కావాలి. ఆయన ఎడమచేతికి సూదులుండును, ఆ చేయి కదపరాదు. కుడిచేతి వ్రేలొకటే ఖాళీ. ఈ జల్లెడలో వేసి చూడగా పట్టికలో సగము రాలిపోయింది. తుపాకుల ఆటలు మేము కాదనకముందే వాడే కొట్టివేశాడు. వాటికి నెట్టు కావాలి, మధ్యలో ఆపడానికి వీలుండదు.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. ఆట డబ్బామీదనో, కొనే చోటనో ఒక మూల చిన్న చదరములో వయస్సు గుర్తు ఉండును. ఐరోపా వారిదైతే 3, 7, 12, 16, 18 అని అంకెలు. అమెరికా వారిదైతే ఇంగ్లీషు అక్షరాలు. ఈ అక్షరాల పద్ధతి 1994లోను, ఐరోపా అంకెల పద్ధతి 2003లోను మొదలయ్యాయి. చాలామంది ఆ గుర్తు చూసి ఊరుకుంటారు. దాని ప్రక్కన సన్నని అక్షరాలతో రాసినది కూడా పిల్లలచేత చదివించుకోండి. రక్తమున్నదా, బూతులున్నవా, జూదము వంటిదున్నదా, ఆట లోపల మరల డబ్బు పెట్టి కొనవలసినవి ఉన్నవా అనేది అక్కడ తెలియును. మా మట్టుకు మేము ఈ చివరిదానికే ఎక్కువ భయపడతాము. ఉచితమని మొదలైన ఆటలోనే డబ్బు ఎక్కువగా కారిపోవును.

ఇంకొక గందరగోళము కూడా తీర్చాలి. మా దగ్గరికి వచ్చే తల్లులు "గేము" అనగానే ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన భర్తనో మరదినో తలచుకొని వణికిపోతారు. అది వేరు, ఇది వేరు. డబ్బు పందెము పెట్టే ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రములో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసింది. పిల్లవాడు కొనుక్కున్న పొలము ఆటను ఆ గాటన కట్టకండి. అలాగని ఇందులో ప్రమాదమే లేదనీ చెప్పము. ఆట మానలేక చదువు, నిద్ర, తిండి పాడుచేసుకొనే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగాల పట్టికలో చేర్చింది. ఈ పెట్టెకు తల్లిదండ్రుల ఫోనులో పెట్టుకొనే యాప్ ఉన్నది. రోజుకు ఇన్ని గంటలని గడువు పెట్టవచ్చును. అబ్బాయి తల్లి ఫోనులో దానిని పెట్టించాము. శనివారానికి నాలుగు గంటలు, తక్కిన రోజులకు అరగంట.

చివరికి రెండు ఆటలు నిలిచాయి. ఒకటి 2020లో వచ్చిన యాభైయొక్క ఆటల మూట. ఇంగ్లీషు పేర్లు చూసి ఇవేవో పరాయివి అనుకున్నాము. తెరిచి చూస్తే మంకాలా అని ఒకటి ఉన్నది. అది మన వామనగుంటలకు అన్నదమ్ముల బిడ్డే. గుంటలు, గింజలు, పంచుకుంటూ పోవడము. లెక్క కొంచెము తేడా, అంతే. మూడేసి కాయలు వరుసలో పేర్చే దాడి ఆట ఉన్నది. చదరంగము, క్యారమ్స్ ఉన్నాయి. పేకాటలు కూడా కొన్ని ఉన్నాయి, వాటివైపు పోవద్దన్నాము. వామనగుంటలను తెరమీద వ్రేలితో తాకి ఆడవచ్చును. మొదటి శనివారమే తాతగారు మనుమడిని మూడుసార్లు ఓడించారట. గెలుపోటముల లెక్క డయాలసిస్ పుస్తకము వెనుక అట్టమీద పెన్సిలుతో గీతలు గీసుకుంటున్నారు.

రెండవది స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలము ఆట. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు బొమ్మలు, సంగీతము, కథ అన్నీ తానొక్కడే సంవత్సరాల తరబడి కూర్చొని చేశాడు. 2016లో బయటికి వచ్చింది, మరుసటి సంవత్సరము ఈ పెట్టెకు వచ్చింది. దున్నాలి, విత్తాలి, నీళ్లు పోయాలి, కాకులు రాకుండా దిష్టిబొమ్మ పెట్టాలి. ఋతువు మారితే పాత పంట వాడిపోవును. పదేళ్లు దాటిన అందరికీ అని అమెరికా గుర్తు. సన్న అక్షరాలలో మద్యము, జూదము వంటివి కొంచెము కనబడతాయని కూడా ఉన్నది. ఊరిలో ఒక సారా కొట్టు ఉన్నది మరి. అబ్బాయి తల్లికి అది చెప్పే ఒప్పించాము, దాచలేదు.

ఈ ఆటను తాతగారు తాకరు, చూస్తారు. చూస్తూ ఊరుకుంటారా? "ఏట్రా, ఆ దుంపలకి నీళ్లెట్టేవా?" అని మొదలుపెడతారట. వాన కురిసిన రోజున నీళ్లు పోయనక్కరలేదని మనుమడు చెబితే, "ఆమాత్రం నాకు తెలీదేటి?" అని కసిరారట. ఆ ఆటలో పండ్లచెట్టు నాటిన ఇరవై ఎనిమిది రోజులకే పెద్దదవుతుందని విని ఆయన చాలాసేపు నవ్వారట. కొబ్బరి కాపుకు ఏళ్లు పడుతుందని ఆయనకు తెలియనిదా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో పడగొట్టిన చెట్లు ఆయన తండ్రి నాటినవి. తిరిగి నాటినవి ఇప్పుడిప్పుడే చేతికి వస్తున్నాయి. "మరి ఆ ఊరికి తుపాను రాదేటి?" అని అడిగారట. పిడుగులు పడతాయి గాని తోటలు కూలిపోవు అని మనుమడు చెప్పాడు. "అయితే మంచి ఊరే" అన్నారట తాతగారు.

ఇక కార్డు సంగతి. అబ్బాయికి చిన్నాన్న మరొక పెద్ద ఆట కొనిపెట్టాడు. జెల్డా కథలలో 2017 నాటిది, సుమారు 14 జీబీ. మన ఫోనులకు రోజుకు వచ్చేది ఒకటిన్నర జీబీ. హాట్‌స్పాట్ పెట్టి దించుకుంటే పది రోజులు, అది కూడా సిగ్నలు నిలిస్తే! పెట్టెలో ఇంకా కొంత చోటున్నది గాని, ఇక వచ్చే ఆటలన్నిటికీ కలిపి పెద్ద కార్డు ఉంటే మంచిదని మేమే ఉత్సాహపడి, పని మీద ఒక పట్టణమునకు వెళ్లినప్పుడు ఒక దుకాణములో 512 జీబీ అని రాసి ఉన్న మైక్రో ఎస్డీ కార్డు కొన్నాము. ధర అసలు ధరలో మూడోవంతు. "ఆఫర్, సార్" అన్నాడు. బేరము కుదిరిందని పొంగిపోయాము.

కార్డు పెట్టిన తరువాత పెట్టెలో చూస్తే నిజముగానే ఐదువందల దరిదాపులో చూపించింది. అబ్బాయి ఉన్న ఆటలన్నీ దానిలోకి మార్చి, పెద్ద ఆటను పది పన్నెండు రోజులు కష్టపడి దించుకున్నాడు, మరికొన్ని ఉచితపు ఆటలు కూడా చేర్చాడు. ఒక శుక్రవారము రాత్రి ఏది తెరిచినా "డేటా పాడయింది" అని వచ్చింది. పొలము ఆట కూడా తెరుచుకోలేదు. పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు.

పంట పోయిందని ఏడుస్తున్నాడనుకున్నాము. అది కాదు. ఆ ఆట మొదటినుండి మొదలుపెడితే ముందుగా ఒక దృశ్యము వచ్చునట. చావు మంచము మీద ఉన్న తాత ఒక ఉత్తరము మనుమడి చేతికి ఇచ్చి, ఇప్పుడు కాదు తరువాత తెరవమని చెప్పును. ఆ పొలము ఆ తాత వదిలి వెళ్లినదే. మొదటిసారి ఇంట్లో ఒక్కడూ ఉన్నప్పుడు మొదలుపెట్టాడు గనుక తాతకు అది తెలియదు. రేపు శనివారము, ఆ మంచము ప్రక్కన కూర్చొని, తాత చూస్తూ ఉండగా అది మరల రావాలా? అదీ వాని బాధ. ఆ దృశ్యమును దాటవేసే వీలున్నదని మాకు తరువాత తెలిసింది గాని, ఆ రాత్రి మాకిద్దరికీ తెలియదు. మాకు నోట మాట రాలేదు. ఆ కార్డు కొన్నది మేమే గదా.

టెక్కలిలో కంప్యూటరు పని చేసే మా సంఘపు యువకునికి ఫోను చేశాము. అతడు చెప్పిన మొదటి మాట మీ అందరూ గుర్తుంచుకోదగినది. ఈ స్విచ్ పెట్టెలలో ఆట వేరు, ఆడినదాని గుర్తు వేరు. ఆట కార్డులో ఉండవచ్చును గాని, మీరు ఎంతవరకు ఆడారు, పొలములో ఏమి వేశారు అనే గుర్తు ఎప్పుడూ పెట్టె లోపలి నిల్వలోనే ఉండును. కార్డు పోయినా, కాలిపోయినా అది పోదు. పాత గేమ్ బాయ్ రోజులలో ఆ గుర్తు ఆట బిళ్లలోనే చిన్న బ్యాటరీ బలముతో నిలిచేది, ఆ బ్యాటరీ అయిపోతే ఆటగాని శ్రమ కూడా అయిపోయేది. ఇప్పుడు అలా కాదు. అయితే పెట్టే పోతే గుర్తూ పోవును. దానికి సంవత్సర చందా కట్టి కంపెనీవారి దగ్గర నకలు పెట్టుకొనే పద్ధతి ఉన్నది, కొన్ని ఆటలకు అదీ వర్తించదు. కొన్న ఆటను మరల డబ్బు కట్టకుండా ఎన్నిసార్లైనా దించుకోవచ్చును.

కార్డు తీసివేశాము. పొలము ఆట చిన్నది గనుక మా ఇంట్లో మిగిలిన డేటాతోనే ఆ రాత్రి పెట్టెలోకి దించాము. పదకొండున్నరకు తెరిచాడు. పొలము ఉన్నది. దిష్టిబొమ్మ ఉన్నది. దుంపలు ఉన్నాయి.

తరువాతి వారము ఆ యువకుడు మా కార్డును పరీక్షించాడు. నిజమైన నిల్వ 32 జీబీ. ఇలాంటి కార్డులలో లోపలి చిప్పు చిన్నది పెట్టి, నేను 512 అని యంత్రముతో అబద్ధము చెప్పేటట్లు దానిని తయారుచేస్తారట. ఎనభై కిలోల జీడిపిక్కల బస్తా అని పైన ముద్ర వేసి, లోపల ఐదు కిలోలు పోసినట్లు. తేడా ఏమంటే బస్తాను ఎత్తితే తెలియును, కార్డును ఎత్తితే ఏమి తెలియును? అది వ్రేలిగోరంత, గ్రాము బరువు కూడా ఉండదు. 32 నిండేవరకు బాగుండును. ఆ తరువాత రాసినది ముందు రాసినదాని మీద పడడమో, గాలిలో కలిసిపోవడమో జరుగును. కాబట్టి కొత్త కార్డు కొన్న రోజునే కంప్యూటరులో పెట్టి, పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూడాలి. దానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. పెద్ద కార్డుకు కొన్ని గంటలు పట్టును, పట్టనీయండి. మేము కార్డు తిరిగి ఇవ్వబోతే బిల్లు అడిగారు. మేము బిల్లు తీసుకోలేదు. ఆ తప్పు మాదే.

128 అని రాసిన మంచి కార్డు కంప్యూటరులో 119 అని చూపిస్తే మోసమని పోట్లాడకండి. తయారుచేసేవాడు వెయ్యి చొప్పున, కంప్యూటరు వెయ్యిన్ని ఇరవైనాలుగు చొప్పున లెక్కపెట్టును. ఒక ఊరి కుంచానికీ మరొక ఊరి కుంచానికీ తేడా లేదా? అలాంటిదే.

ఎంత సైజు కొనాలి అంటే, ఇలాంటి పిల్లవానికి 128 జీబీ చాలు అని మా అభిప్రాయము. పేరున్న కంపెనీది, బిల్లుతో కొనండి. కెమెరావారు కొనే అతివేగపు కార్డుకు ఎక్కువ డబ్బు పోయనక్కరలేదు, ఈ పెట్టె ఆ వేగాన్ని వాడుకోలేదు. అంతకంటే మంచి మాట, పెద్ద ఆటలను బిళ్లగా కొనుక్కోవడం. బిళ్ల పెట్టగానే ఆట వచ్చును, పది రోజుల డేటా మిగులును, ఆడి విసిగితే ఇతరులకు ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. చంటిబిడ్డలున్న ఇండ్లవారు భయపడవద్దు. నింటెండోవారు ఆ బిళ్లలకు పిల్లలు నోట పెట్టుకోకుండా మహా చేదైన పూత పూశారు. నిజమో కాదో అని మేము నాలుకకు ఆనించి చూశాము. రాత్రి భోజనము దాకా ఆ చేదు పోలేదు.

వేలకొద్దీ ఆటలు నింపిన కార్డులు, పెట్టెలు చవకగా అమ్ముతారు. అవి చాలావరకు దొంగ నకళ్లు. దొంగతనము సంగతి అలా ఉంచినా, వాటితో వచ్చే పేరులేని కార్డులు త్వరగా చెడిపోతాయి. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది మరల వచ్చిందన్నమాట.

2025 జూన్‌లో స్విచ్ రెండవ రకము వచ్చింది. ఎవరైనా గల్ఫు నుండి అది తెచ్చేటట్లయితే ముందే చెప్పండి. లోపల 256 జీబీ ఉన్నది గాని, దానికి మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకము కార్డు కావాలి. పాత కార్డు ఆ సందులో సరిగ్గా పట్టును, పాత ఫోటోలు చూపించును, ఆటలను మాత్రము మోయదు. మన నౌపడ వారికి ఇది విడమరచి చెప్పాలా? 1900లో ఇక్కడినుండి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు, తరువాత గుణుపురము దాకా పోయింది. రెండున్నర అడుగుల పట్టాలు. పెద్ద లైను మీద వచ్చిన సరుకంతా ఇక్కడ దించి చిన్న బండిలోకి ఎక్కించవలసిందే. బండి బండే, పట్టా పట్టాయే, కొలత కలవలేదు. 2004లో ఆ చిన్న బండి ఆపి, 2011లో పెద్ద లైను అయ్యేదాకా అంతే. ఇంకొకటి, ఆ కొత్త పెట్టెకు వచ్చే కొన్ని బిళ్లలలో ఆట ఉండదు, తాళపుచెవి మాత్రమే ఉండును, ఆటంతా నెట్టులో దించుకోవాలి. డబ్బామీద ఆ మాట రాసి ఉండును, చూసి కొనండి.

మన ఉప్పుగాలి సంగతి మరువకండి. ఉప్పుమడుల దగ్గర ఉన్నవారి ఇండ్లలో తాళాలే తుప్పు పట్టును. ఆటపెట్టెను, బిళ్లలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, మందుసీసాలలో వచ్చే తేమ పీల్చే పొట్లము వేసి ఉంచండి. బిళ్ల పట్టకపోతే సందులోకి నోటితో ఊదకండి, ఊపిరిలోని తేమ లోపలికి పోవును. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

అబ్బాయికి 128 జీబీ కార్డు మా డబ్బుతోనే, ఈసారి బిల్లుతో కొనిచ్చాము. పరీక్ష కూడా చేయించాము. మొన్నటి శనివారము తెల్లవారుజామున స్టేషనులో వారిద్దరూ కనబడ్డారు. పలాస వైపు బండికి ఇంకా సమయమున్నది. తాతగారు సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. ఎలా ఉన్నారని అడిగాము. ఆయన మా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. "వామనగుంటలు నావి పంతొమ్మిది, ఆడివి ఏడు" అని, మనుమడి వైపు తిరిగి, "రాత్రి నీళ్లెట్టకుండా పడుకున్నావేటి, ఛార్జింగన్నా ఎట్టేవా?" అని అడుగుతున్నారు.